పూర్వపక్షం

థీసిస్ టైపు చేయించుకోవాలంటే తార్నాకలో జయమ్మ దగ్గరికే పోవాలని యూనివర్సిటీలో సగంమందికి తెలుసు. పత్తి పురుగుల మీద, మూసీ నీళ్ల మీద, నైజాం కాలపు శిస్తుల మీద, పదిహేనేళ్లలో ఆమె టైపు కొట్టని విషయమంటూ లేదు. అందులో ఆమెకు అర్థమైనవి మాత్రం చాలా తక్కువ. అర్థం చేసుకోవడం మొదలుపెడితే వేళ్లు తడబడతాయని ఆమె భయం.

అలాంటి మనిషి తొంభై నాలుగులో ఒక థీసిస్‌ని చదువుతూ టైపు చేసింది. దేవుడున్నాడని రుజువు చేయడం కుదురుతుందా కుదరదా అన్నది అందులోని గొడవ. రాసినవాడు రాజలింగం, ఫిలాసఫీలో రీసెర్చి స్కాలరు. సిరిసిల్లలో మగ్గం నేసే వెంకటనర్సయ్య కొడుకు. ముప్పై రెండేళ్లొచ్చినా ఉద్యోగం లేదు, పెళ్లి లేదు, ఆ రెండూ లేవన్న దిగులు కూడా లేదు. పొడుగు నోటుబుక్కులో రాసుకొచ్చి ఆమె పక్కన స్టూలు మీద కూచునేవాడు. సంస్కృతం మాటలకు కావలసిన చుక్కలూ గీతలూ ఇంగ్లీషు మిషన్‌లో ఉండవు కాబట్టి, ఆమె కాగితం లాగి ఇవ్వగానే అవన్నీ సిరాతో దిద్దుకునేవాడు.

జయమ్మ వాళ్లది కదిరి. వాళ్లాయన రామాంజనేయులు యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సీనియర్ అసిస్టెంటు. నరసింహస్వామి పటానికి దీపం పెట్టనిదే ఆమె మిషన్ మూత తీసేది కాదు.

"అంతా సరే గానీ, ఉండాడా లేదా, అది చెప్పప్పా ముందు," అని ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"గిప్పుడే చెప్తే మిగిలింది టైపు ఎవలు కొడతరమ్మా? ఇంకో నలభై పేజీలు ఆగుండ్రి," అని నవ్వాడు రాజలింగం.

నాలుగో అధ్యాయం దగ్గరికొచ్చేసరికి ఆమె వేళ్లు ఆగిపోయాయి. దేవుణ్ణి చూసినవాడెవడు, చేసినవాడు లేకుండా ఏదీ పుట్టదంటే ఆ దేవుణ్ణి చేసినవాడెవడు, దయగలవాడైతే పసిపిల్లలకు కలరా ఎందుకు, ఇట్లా పన్నెండు పేజీలు. ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వకుండా, 'మేమంటున్నాం, మేమంటున్నాం' అని రాశాడు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఇది నేను కొట్టను. దీపం పెట్టిన చేత్తో ఇదేం రాతప్పా?"

"అది నా మాట కాదమ్మా, ఎదుటోని మాట. పూర్వపక్షం అంటరు. గిది మన పాతోళ్ల పద్ధతే. ఎదుటోడు ఏమంటడో వానికంటే గట్టిగ మనమే చెప్పాలె. వాడే వచ్చి, అరే, నాకు సుత ఇంత మంచిగ చెప్పరాదు గదా అనాలె. అటెన్క జవాబు చెప్పాలె. ఎదుటోణ్ణి బక్కగ జేసి కొడితే అదేం గెలుపు?"

"జవాబు రాసినావా మరి?"

రాజలింగం భుజానికున్న గుడ్డసంచి తట్టాడు. "ఐదో అధ్యాయం. దీన్ల ఉన్నది. ఆఖరి ముక్క కుదుర్త లేదు. శుక్రవారం పొద్దున తెస్త."

ఆమె నమ్మింది. లెంపలు వేసుకుని మరీ ఆ పన్నెండు పేజీలూ కొట్టింది.

ఇక మనోజ్ సంగతి చెప్పాలి. జయమ్మకు ఒక్కగానొక్క కొడుకు, ఇరవై ఏళ్లు, క్యాంపస్‌లోనే బీఏ. పరీక్షలప్పుడు తప్ప స్వామి పటం ముందు నిలబడ్డ పాపాన పోలేదు గానీ, ఆర్నెల్ల నుంచి దేవుణ్ణి కాపాడే పని నెత్తినేసుకున్నాడు. నన్ను కాపాడు నాయనా అని ఆ దేవుడు వీణ్ణి ఎప్పుడు అడిగాడో మనకు తెలియదు. వాడు తిరిగే గుంపుకు నెలరోజుల్లో హాస్టల్ ఎన్నికలున్నాయి. చేతిలో ఒక గొడవ లేకపోతే ఓట్లు రాలవు. అట్లాంటి సమయంలో అమ్మ మిషన్ పక్కన ఆ కాగితాలు వాడి కంటబడ్డాయి. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. పన్నెండు పేజీల్లో మూడు చదివాడు. ఆ మూడూ చాలనుకున్నాడు.

శుక్రవారం పొద్దున కార్బన్ కాపీలు సర్దుతుంటే నాలుగో అధ్యాయం అసలు ప్రతి కనపడలేదు. చుక్కలు పెట్టడానికి రాజలింగమే తీసుకుపోయాడేమో అనుకుంది జయమ్మ. పొద్దున వస్తానన్నవాడు మధ్యాహ్నమైనా రాలేదు. మిగతా కాగితాల కట్ట చేతబట్టుకుని, అడిగి వద్దామని క్యాంపస్‌కు ఆటో ఎక్కింది.

ఆర్ట్స్ కాలేజీ దగ్గర దిగగానే గోడ నిండా జిరాక్సు కాగితాలు. పైన ఎర్ర స్కెచ్‌పెన్నుతో రాజలింగం పేరు, కింద ఒక బూతు. జయమ్మ దగ్గరికి వెళ్లి చూసింది. ఆమె మిషన్‌లో ఇంగ్లీషు 'ఈ' అక్షరం పొట్ట ఎప్పుడూ సిరాతో పూడుకుపోయి ఉంటుంది. ఆ గోడ మీద ప్రతి 'ఈ' పొట్టా పూడుకుపోయే ఉంది. ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆమె తీయలేదు, ఆయన తీయడు. రాజలింగానికి ముందే చెప్పాలని, అతను రోజూ కూచునే లైబ్రరీ వైపు పరుగులాంటి నడక నడిచింది.

ఆలస్యమైపోయింది.

లైబ్రరీ వెనక, సైకిళ్లు పెట్టేచోట, ఏడెనిమిది మంది కుర్రాళ్లు ముఖాలకు చేతిరుమాళ్లు కట్టుకుని ఉన్నారు, దూరంగా జనం మూగి చూస్తున్నారు. మధ్యలో రాజలింగం మోకాళ్ల మీద ఉన్నాడు. అద్దాలు ఎప్పుడో పోయాయి. ఒకడు హాకీ కర్రతో వీపు మీద కొడుతుంటే ప్రతి దెబ్బకూ పరుపు దులిపిన చప్పుడు వస్తోంది. ఇంకొకడు సైకిల్ చైను చేతికి చుట్టుకుని ముఖం మీద కొట్టాడు. చెంప చీలి పన్ను కనిపించింది.

"దేవుడు లేడంటవారా? ఇప్పుడు పిలువురా ఎవన్ని పిల్సుకుంటవో!"

"గది నా మాట కాదన్నా!" అని అరిచాడు రాజలింగం. నోట్లో రక్తం నిండి మాట గరగరమంటోంది. "పూర్వపక్షం అది! జవాబు సంచిల ఉన్నది! ముంగటి పేజీలు చదువుండ్రి, కాళ్లు మొక్కుత, చదువుండ్రి!"

సంచి కోసం చెయ్యి చాచాడు. ఆ చేతి మీద ఒకడు బూటుకాలు వేసి నిలబడ్డాడు. వేళ్లు విరిగిన చప్పుడు జయమ్మకు ఇరవై అడుగుల దూరం నుంచి వినిపించింది. సంచిలోని నోటుబుక్కును ఇంకొకడు చించి కుప్ప పోశాడు, స్కూటర్‌లోంచి తీసిన పెట్రోలు పోసి అగ్గిపుల్ల గీశాడు. రాజలింగం పాక్కుంటూ ఆ మంటలో చెయ్యి పెట్టాడు. కొట్టేవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగిపోయారు.

అప్పుడు ముందుకొచ్చాడు ఇంకొకడు. చేతిలో మంచం పైపు. ముఖం కనపడటం లేదు గానీ, ఒంటి మీద నీలిగళ్ల చొక్కా. కాలరు దగ్గర ముడత రాకుండా ఆ పొద్దునే జయమ్మ ఇస్త్రీ చేసిన చొక్కా. వాడు పైపును రెండు చేతులా పైకెత్తాడు.

కొడుకు పేరు ఆమె నోటిదాకా వచ్చింది. పిలిస్తే ఆగేవాడే. కానీ పిలిస్తే, ఆ ముసుగులో ఉన్నది ఎవరో చుట్టూ మూగిన జనానికంతా తెలిసిపోతుంది. ఆ ఆలోచన ఎంతసేపో పట్టలేదు. పైపు దిగడానికి అంతకన్నా తక్కువసేపు పట్టింది. టెంకాయ పగిలినట్టు వినపడింది. రెండోసారి పైపు లేచినప్పుడు ఆమె పరుగెత్తింది, ఎవడో తోస్తే కంకర మీద బోర్లా పడింది. లేచేసరికి గుంపు లేదు. రాజలింగం ఒక కన్ను తెరిచి ఉన్నాడు, అది దేన్నీ చూడటం లేదు.

ఎవరో ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. జయమ్మ ఇల్లు చేరేసరికి బాత్రూంలో బకెట్లో నీలిగళ్ల చొక్కా నానుతోంది. కొడుకు తల తుడుచుకుంటూ, "ఆకలైతుందమ్మా," అన్నాడు. ఆమెను అక్కడ వాడు చూడలేదు. రక్తం మరక వేన్నీళ్లు పోస్తే పట్టుకుంటుంది, చన్నీళ్లకే వదులుతుంది. ఆమె చన్నీళ్లే పోసింది. ఉతికి, ఆరేసి, వాడికి అన్నం పెట్టింది. ఏం తల్లి అని మనం అనుకోవచ్చు. ఆమె కూడా అదే అనుకుంది, అయినా పెట్టింది.

మర్నాడు పొద్దున ఎస్సై సూర్యనారాయణ వచ్చాడు. గోడ మీది కాగితం చేతిలో ఉంది. ఈ టైపు ఎవరి మిషన్‌దో కనుక్కోవడానికి ఆయనకు పూట కూడా పట్టలేదు.

"రామాంజనేయులు గారూ, మీరు యూనివర్సిటీ మనిషి, మర్యాదస్తులు. కాగితాలు మీ ఇంట్లోంచి బయటికెళ్లాయి. మీ అబ్బాయి ఆ కుర్రాళ్లతో తిరుగుతాడని చెబుతున్నారు. ముసుగులేసుకున్నారు కాబట్టి గుర్తుపట్టినవాళ్లెవరూ లేరు. అక్కడున్నాడా లేదా, మీరే అడిగి చెప్పండి."

రామాంజనేయులు ఏమీ అడగలేదు. లేచి నడుము బెల్టు తీసి, కొడుకును జుట్టు పట్టి హాల్లోకి ఈడ్చుకొచ్చి కొట్టడం మొదలుపెట్టాడు. బెల్టు బకిలు మెడ మీద తగిలి తోలు లేచింది. "చెప్పురా! ఉంటివా ఆడ? ఉంటివా?" అంటూ తన్నాడు. మనోజ్ సోఫా కింద ముడుచుకుపోయి, "లేను నాయినా, నేను లేను," అని ఏడ్చాడు.

ఎస్సై వచ్చి చెయ్యి పట్టుకున్నాకే ఆ తండ్రి ఆగాడు. రొప్పుతూ, "మాది కదిరి సార్," అన్నాడు. "మా తట్టు తల్లి తల మీద చెయ్యి పెట్టి అబద్ధం చెప్పినోడు లేడు. చెబితే ఆ తల్లి బతకదు. లెయ్‌రా. మీయమ్మ తల మీద చెయ్యిపెట్టి చెప్పు."

జయమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. మనోజ్ లేచి వచ్చాడు. ముక్కు తుడుచుకుని, ఆమె కళ్లలోకి చూస్తూ నడినెత్తిన అరచెయ్యి పెట్టాడు. చెయ్యి వెచ్చగా ఉంది, వణకలేదు.

"అమ్మ మీద ఒట్టు. నేను అక్కడ లేను."

రామాంజనేయులు కుర్చీలో కూలబడి ఏడ్చాడు, అది సంతోషంతోనే. ఎస్సైకి కూడా ప్రాణం తేలికపడింది. ఉద్యోగస్తుల పిల్లల జోలికి పోతే వచ్చే తలనొప్పులు ఆయనకు తెలుసు. "తల్లి మీద ఒట్టేశాక ఇంకేముంది," అని కాఫీ తాగి వెళ్లాడు.

అది అబద్ధమని ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఆమెకు తెలుసని వాడికి తెలియదు.

అప్పటినుంచి జయమ్మ చావు కోసం ఎదురుచూసింది. ఇది మాటవరసకు అంటున్నది కాదు. నిజంగానే ఎదురుచూసింది. నోరు విప్పి కొడుకును పట్టివ్వడం ఆమెకు చేతకాదు, నోరు మూసుకుని బతకడమూ చేతకాదు. స్వామే తేల్చేస్తాడు. తను పడిపోతే వాడికి బుద్ధొస్తుంది, ఒట్టు అబద్ధమని లోకానికి తెలుస్తుంది, రాజలింగం రాయలేకపోయిన రుజువు కూడా దొరుకుతుంది. గ్యాస్ పుస్తకం ఎక్కడుందో ఆయనకు చూపించింది. ఆవకాయ జాడీకి గుడ్డ మార్చింది. స్వామి పనికి అడ్డం రాకూడదని బీపీ మాత్ర మానేసింది. శనివారం గడిచింది. ఆదివారం కొంచెం తల తిరిగితే సంతోషపడి పటం ముందు వెళ్లి పడుకుంది. గంట తర్వాత ఆకలేసి లేచింది.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి పక్కింటి ఫోనుకు కబురొచ్చింది, రాజలింగం పోయాడని. రామాంజనేయులు అప్పటికే ఆఫీసుకు వెళ్లాడు. మనోజ్ టిఫినుకు ఉగ్గాని తింటున్నాడు.

"రాజలింగం చచ్చిపోయినాడు," అంది జయమ్మ.

వాడి చెయ్యి ప్లేటులో ఆగి, మళ్లీ కదిలింది. "నాకేం తెలుసమ్మా? నేను గాడ లేనని చెప్పిన గదా."

"నేనుండాను ఆడ. నీలిగళ్ల చొక్కాను నేనే ఇస్త్రీ చేసినా, నేనే ఉతికినా." వాడి ముఖంలో రక్తం ఇంకిపోతుంటే చూస్తూ ఎదురుగా కూచుంది. "నిన్ను తిట్టను. ఒకటి అడుగుతా. దేవుడుండాడని నమ్ముతావా?"

"నమ్మకుంటే ఇదంతా ఎందుకు చేస్త?"

"అట్లయితే నా తల మీద చెయ్యి పెట్టినపుడు నేను చస్తానని నీకు తెలుసు. తెలిసే పెట్టినావు."

"అట్ల కాదమ్మా..."

"కాదంటే, ఏమీ కాదులే అని పెట్టినావు. అడిగేటోడు ఎవడూ లేడని తెలుసు నీకు. మరి లేనోని కోసరం ఆ పిల్లోన్ని ఎందుకు చంపితివిరా? రెండిట్లో ఏదో ఒకటి చెప్పు. నన్ను చంపాలనుకొన్యావా, వాన్ని ఉత్త పుణ్యానికి చంపినావా?"

వాడు ప్లేటు విసిరి లేచాడు. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడి చొక్కా పట్టుకుంది. "చెప్పి పో!" అంది. వాడు రెండు చేతులతో తోశాడు. ఆమె వెళ్లి టైపు మిషన్ మీద పడింది. ఇనుప మూల నెత్తిన దిగింది. వాడు ఒకసారి వెనక్కి చూసి, మెట్ల మీద దబదబా పరుగెత్తాడు.

రక్తం కనుబొమ మీదుగా దిగి గడ్డం నుంచి చుక్కలు చుక్కలుగా రాలింది. స్వామి చేస్తాడనుకున్న పనిని కొడుకు సగం చేసి పోయాడు. జయమ్మ చాలాసేపు అట్లాగే కూచుంది. ఊపిరి ఆడుతూనే ఉంది. ఇక ఎవరూ రారని, చేయాల్సింది ఏదైనా ఉంటే తానే చేయాలని అప్పుడు అర్థమై ఆమెకు ఏడుపొచ్చింది. ఏడ్చి, చీర కొంగు చింపి తలకు కట్టుకుని ఆసుపత్రికి బయల్దేరింది.

మార్చురీ మెట్ల దగ్గర వెంకటనర్సయ్య కూచుని ఉన్నాడు. నూలు పట్టి పట్టి కాయలు కాసిన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఇంకా ఏడుపు కూడా మొదలుపెట్టని ముసలాయన. ఊరివాళ్లు ఇద్దరు పక్కనున్నారు. మెట్ల పక్కన చాప కప్పిన శవం ఉంది, కాస్త దూరంలో ఎస్సై పంచనామా రాయిస్తున్నాడు.

"మీ అబ్బాయి పుస్తకం టైపు కొట్టింది నేనే, పెద్దాయనా," అంది జయమ్మ.

ఆయన గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అయితే నీకు ఎరుకే బిడ్డా. మావోడు దేవుడు లేడని రాసిండంట, పేపర్ల వడ్డది. మా మార్కండేయ గుడి భజనోళ్లు పీనుగెంట రామంటున్నరు. నిజమేనా? గట్ల రాసిండా?"

"లేదు. అది ఎదుటోని మాట. దాని తర్వాత మీ వాని మాట ఉండాది."

"ఏమని ఉన్నది? చెప్పు బిడ్డా, ఊర్ల చెప్పుకుంట. ఎట్ల రుజువు జేసిండు?"

ఏదో ఒకటి చెప్పి ఉండొచ్చు. కుండ ఉందంటే కుమ్మరి ఉన్నట్టే కదా అంటే చాలు, ఆ ముసలాయన కొడుకును తలెత్తుకుని తీసుకుపోయేవాడు. ఈమె ఇంటికి పోయి సాయంత్రం కొడుకు కోసం కూర వండేది. ఎవరూ అడిగేవారు కాదు. ఆమె గొంతు అందుకు సిద్ధపడింది కూడా. అంతలో చాప కింద నుంచి బయటికొచ్చిన రాజలింగం చెయ్యి కనపడింది. వేళ్లు నల్లగా కాలి ఉన్నాయి.

"అది నాకు తెలీదు," అంది. "సంచిలో ఉండె. సంచిని కాల్చినారు. కాల్చినోళ్లల్లో నా కొడుకుండాడు. మంచం పైపుతో తల మీద కొట్టింది నా కొడుకే. నేను చూస్తానే ఉంటి, పేరు పెట్టి పిలవలేదు."

ఎస్సై లేచి వచ్చాడు. "అమ్మగారూ, ఏం మాట్లాడుతున్నారు? నా ముందే గదా మీ మీద ఒట్టేసి చెప్పాడు."

"వేసినాడు. నేను బతికే ఉండాను, చూడు. రాసుకో."

వెంకటనర్సయ్యకు మాట తలకెక్కడానికి కొంతసేపు పట్టింది. ఎక్కాక లేచాడు. మొదటి దెబ్బ ఆమె చెంప మీద పడింది. తర్వాత రెండు చేతులతో భుజాల మీద, వీపు మీద, కట్టు కట్టిన తల మీద కొట్టాడు. కట్టు ఊడి రక్తం ఆయన చేతులకంటింది. జయమ్మ చెయ్యి అడ్డం పెట్టలేదు. ఊరివాళ్లు పట్టుకోబోతే, "వదిలిపెట్టండి," అంది. చేతులు నొచ్చి ఆయనే ఆగాడు. ఆగి, ఆమె పక్కనే మెట్టు మీద కూలబడి అప్పుడు ఏడ్చాడు.

ముఖం తుడుచుకుని అడిగాడు. "ఊరోళ్లకు ఏం చెప్పాలె మరి? ఉన్నడన్నడా, లేడన్నడా మావోడు?"

"ఉండాడనే రాసినాడని చెప్పు."

"రుజువేందని అడిగితే?"

"రుజువు దాకా మేము రానియ్యలేదని చెప్పు, పెద్దాయనా."